చెంగమ్మ రాగి బిళ్ళ

అందరూ సర్దుకుని కూర్చున్నారా తల్లీ? ఆ పరమాత్ముణ్ణి ఒక్కసారి తలచుకోండి, చెబుతాను. అనగనగా ఒక నది. నదికి ఇటు రణకేసరి మహారాజుగారి కోట, అటు చిన్న పల్లె. నడుమ ఒకే ఒక్క పడవ.

తనకు అరవై ఏళ్లు నిండబోతున్నాయని రాజుగారు సంతోషపడి చాటింపు వేయించారు. డెబ్భై దాటినవారు పడవకు కూలి ఇవ్వక్కర్లేదు. వాళ్ల సొమ్ము రుసుమేమీ లేకుండా ఖజానాలో భద్రంగా దాచిపెడతారు. ధర్మప్రభువని ఊరంతా దండాలు పెట్టింది.

కోట వీధిలో చెంగమ్మ అనే ముసలి మంత్రసాని ఉండేది. పడవ కూలి మానెడు బియ్యం. ఆవిడ పస్తుండి ఆ బియ్యం మిగుల్చుకుని, నెలకోసారి అవతలి ఒడ్డున ఉన్న అక్కను చూసొచ్చేది. ఇప్పుడు ఆ అక్క మంచాన పడిందని, చెల్లెల్ని కలవరిస్తోందని కబురొచ్చింది. ఇంట్లో గింజ లేదు.

రేవుకు వెళితే పడవవాడు తల గోక్కున్నాడు. "చాటింపు నేనూ విన్నానత్తా. కోటలో ఇచ్చే రాగి బిళ్ళ లేకుండా ఎక్కించుకుంటే నా పడవ లాగేసుకుంటారు."

బిళ్ళలిచ్చేది కరణం గుండయ్య. వయసుకు రుజువేదని అడిగాడు. ఆవిడ తన ముఖం చూపించింది.

"ముడతలు ఎండుమిరపకాయకూ ఉంటాయవ్వా," అని నవ్వి, పుట్టినప్పుడు చూసినవాళ్లను తెమ్మన్నాడు. వాళ్లంతా దేవుడి దగ్గరున్నారని చెప్పి తిరిగొచ్చింది.

రెండోసారి వెళితే, పోనీ నీకన్నా పెద్దవాళ్లొకరు వచ్చి సాక్ష్యం చెబితే చాలన్నాడు. అలాంటివాళ్లలో మిగిలింది అక్క ఒక్కతే. అక్క లేవలేదు. లేపి తీసుకురావడానికి వెళదామంటే బిళ్ళ లేదు. చూశారా నాయనా, ఎంత చక్కటి ధర్మమో.

మూడోసారి వెళ్లిన రోజు రాజుగారి షష్టిపూర్తి. నిండు కొలువులో గుండయ్య రాజుగారి జనన పత్రం చదువుతున్నాడు. తిథి చదివాడు, నక్షత్రం చదివాడు, చివర "సాక్షి, బొడ్డు కోసిన మంత్రసాని చెంగమ్మ" అని చదివాడు.

"ఆ చెంగమ్మను నేనే ప్రభూ," అంది గుమ్మం దగ్గర ముసలమ్మ. "తమకు అరవై నిండాయని నా మాట మీదే నమ్మారు. నాకు డెబ్భై నిండలేదంటున్నారు. అంటే పదేళ్లు నిండని పిల్ల తమ బొడ్డు కోసిందన్నమాట."

రాజుగారు సింహాసనం దిగొచ్చి తన చేత్తో బిళ్ళ ఇచ్చారు. గుండయ్య తల వంచుకున్నాడు.

పరుగులాంటి నడకతో ఆవిడ రేవుకొచ్చింది. పడవవాడు బిళ్ళ చూడనేలేదు. తుండుగుడ్డ పరిచి కూర్చోబెట్టాడు గానీ, గడ ముట్టుకోకుండా నిలబడిపోయాడు.

"మీ అక్క పొద్దున్నే పోయిందత్తా. నిన్ననే నిన్ను ఊరికే ఎక్కించుకోవలసింది."

ముసలమ్మ బిళ్ళను కొంగున ముడేసుకుంది. "నాకన్నా పెద్దది అదొక్కతే. ఇక నా వయసుకు సాక్షి ఎవరూ లేరు అబ్బాయ్. పోనియ్ పడవ."

అమ్మల్లారా, అయ్యల్లారా, పెద్దలకు రాసిచ్చిన హక్కును వాళ్లు మెట్లెక్కి అడిగేదాకా దాచిపెట్టకండి. చేయి చాచకముందే అందితే అది ధర్మం, ఆ తర్వాత అందితే ఉత్త రాగి ముక్క.