పాలు విరుగుతాయట

మా గురువు చిదంబరయ్యగారిని ఏదైనా అడిగితే చేతిలోని దూది వత్తి పూర్తయ్యేదాకా జవాబు రాదు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. అయినా ఊళ్ళో సంసారాల గొడవలన్నీ ఆయన అరుగు మీదికే వచ్చేవి.

ఒక సాయంత్రం మా సహపాఠి సూరపరాజు వచ్చాడు. చిన్న జమీందారు, అప్పుడే కొడుకు పుట్టి పురుడైంది. ఆ రోజుల్లో దివాణం ఇల్లాలు బిడ్డకు తానే పాలివ్వడం నామోషీ. అది కూలివాళ్ళ అలవాటనేవారు. బిడ్డ దాది ఒడికి, తల్లి తిరిగి భర్త గదికి చేరాలి. సూరపరాజు భార్య సుభద్రాయమ్మ మాత్రం అత్తగారి కన్నుగప్పి తనే పాలిస్తోందట, దాది వద్దంటోందట. పాలిచ్చే ఆడది మగడి దగ్గరికి వెళ్తే పాలు విరుగుతాయని పెద్దల నమ్మకం. అంటే ఏడాది పాటు సూరపరాజుకు వరండాయే గతి.

"ఇల్లాలికి భర్త ముందా, బిడ్డ ముందా, గురువుగారూ?" అన్నాడు. పాపం, ఏడవడమొక్కటే తక్కువ. నాకు నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాను.

గురువుగారు వత్తి పక్కన పెట్టి, మా ఇద్దరినీ వెంటబెట్టుకుని దివాణం వెనక గుమ్మానికి నడిచారు. అక్కడొక మనిషి మూడు నెలల ఆడపిల్లను భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. దివాణంలో అప్పటికే కుదిర్చిన దాది పోలమ్మ మొగుడు గవరయ్య. పాలు విరుగుతాయనే అతన్ని లోపలికి రానివ్వడం లేదని కాపలావాడు చెప్పాడు. అయినా రోజూ పొద్దుగూకే వేళకు వస్తాడట.

ఎందుకని గురువుగారు అడిగారు.

"గంజినీళ్ళు పడితే తాగట్లేదు బాబూ. దూరం నించైనా అమ్మని చూపిద్దామని," అన్నాడు గవరయ్య. తల వంచుకుని, "నాకూ ఇల్లు బోసిగా ఉంది," అన్నాడు.

గురువుగారు సూరపరాజు వైపు తిరిగారు. "నీ ప్రశ్నే ఇతనిదీ. అడగడానికి ఇతనికి అరుగు లేదు, అంతే."

సూరపరాజు సిగ్గుపడ్డాడు. జీతం కింద ఒప్పుకున్న ఏడాది గింజలు ఇంటికే పంపుతానని చెప్పి ఆ పూటే పోలమ్మను సాగనంపాడు. అతని తల్లి రెండు రోజులు అన్నం మానేసి, మూడో రోజు మనవడి బుగ్గలు చూసి మెత్తబడింది.

ఆరు నెలలకు మళ్ళీ వచ్చాడు. కొడుకు బొద్దుగా ఉన్నాడని, సుభద్రాయమ్మ కళకళలాడుతోందని, తనకూ హాయిగానే ఉందని చెప్పాడు. వరండాలో దోమలే ఎక్కువట. తర్వాత గొంతు తగ్గించి, పాలు విరగడం నిజమేనా అని అడిగాడు.

వత్తి పూర్తయింది.

"బ్రహ్మచారిని, నాకేం తెలుసు నాయనా? గవరయ్య గుడిసెకు వరండా లేదు. వెళ్ళి వాళ్ళ కూతుర్ని ఒకసారి ఎత్తుకుని చూడు," అన్నారు గురువుగారు.