సింహాద్రి ముద్ద

అనగనగనగా ఒక ఊరు. పడుకుంటే సముద్రం హోరు వినపడేంత దగ్గర. ఆ ఊళ్ళో పైడి అని ఒక పిల్ల ఉండేది. నీ ఈడే ఉంటుంది. నీలాగే దాని నోట్లోనూ మాట దాగదు. మనసులో ఏదుంటే అది గబుక్కున అనేస్తుంది.

పైడి వాళ్ళ నాన్న తవిటినాయుడు ఆటో తోలేవాడు. అమ్మ పేరు ఆదిలక్ష్మి. ఇంటికి పెద్ద నాన్నమ్మ. ఆవిడ ఒక మాటంటే ఇంక అంతే, ఆ ఇంట్లో ఎదురు చెప్పేవాళ్ళు లేరు.

పైడికి ఒక మేనత్త, నూకాలత్త. అత్తకి ఒక్కగానొక్క కొడుకు సింహాద్రి. పైడి కంటే కాస్త పెద్ద, బావ అవుతాడు. ఎండాకాలం సెలవులు ఇవ్వడం ఆలస్యం, అత్త వాణ్ణి వెంటబెట్టుకుని పుట్టింటికి వచ్చేసేది. అప్పుడు చూడాలి. పైడి, సింహాద్రి, పక్కింటి అన్నాచెల్లెళ్ళు ఎర్నాయుడూ లచ్చిమీ, నలుగురూ కలిశారంటే వీధి వీధంతా వాళ్ళదే.

పోయినేడు కూడా వచ్చాడు. ఆడుకున్నాడు, వెళ్ళాడు. ఆ తర్వాత వానలు పడ్డాయి. ఆ వానల్లో వాడికి జ్వరం తగిలింది. మందులు వేశారు, మొక్కులు మొక్కారు, పట్నం తీసుకెళ్ళారు. అయినా సింహాద్రి దక్కలేదు తల్లీ. ఎందుకు దక్కలేదని నన్నడగకు. నాకూ తెలీదు.

మళ్ళీ ఎండలొచ్చాయి. ఒకరోజు అత్త మొగుడు, మావయ్య, నాన్నకి ఫోను చేశాడు. నూకాలు ఏడవదు, మాట్లాడదు, వండిన అన్నం ముందేసుకుని చూస్తూ కూర్చుంటోంది, నాకు మిల్లులో సెలవు దొరకలేదు, శని ఆదివారాలు మీరు తీసుకెళ్ళి నలుగురిలో తిప్పండి బావా అన్నాడు. నాన్న శుక్రవారం సాయంత్రం వెళ్ళి అత్తని ఆటోలో ఎక్కించుకుని వచ్చాడు.

ఆటో వచ్చేలోపల నాన్నమ్మ అందరినీ అరుగు మీద కూర్చోబెట్టింది. ఎర్నాయుణ్ణీ, లచ్చిమినీ కూడా పిలిచింది. ఈ రెండు రోజులూ పోయిన ఆ గుంటడి పేరు ఎవరూ ఎత్తకూడదని చెప్పింది. "ఆ పేరు చెవిన పడిందంటే నా కూతురి గుండె ఆగిపోతుంది" అంది.

పెద్దవాళ్ళు అలా అంటారు. పిల్లలు నమ్మేస్తారు. అత్త బతకాలంటే తన నోరు మూసుకుని ఉండాలి. అదొక్కటే అర్థమయింది దానికి.

అప్పుడు ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. అత్త దిగింది. ఒళ్ళు సగమైపోయింది. అందరూ ఒక్కసారే మాట్లాడేశారు. ఎండల గురించి, దారిలో గోతుల గురించి, అత్త చీర రంగు గురించి. అత్త అందరి మొహాల్లోకీ చూసింది, ఎవరో ఏదో అంటారని ఎదురు చూస్తున్నట్టు. ఆ తర్వాత కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది.

శనివారం తెల్లారగానే తాటితోపుకి బయల్దేరారు. అత్తని నలుగురిలో తిప్పమని మావయ్య చెప్పాడు కదా. నాన్న ఆటోలో పెద్దవాళ్ళు లోపల, పిల్లలు సందుల్లో. తోపులో గీత కార్మికుడు గెలలు దింపి, కత్తితో కాయల తలలు కొట్టి ఇచ్చాడు. ఒక్కో కాయకి మూడు కళ్ళు, ఒక్కో కంట్లో ఒక్కో ముంజ.

పైడికి ఒక కాయ వచ్చింది. బొటనవేలు గుచ్చి ఒక ముంజ జుర్రింది. ఇంకోటి జుర్రింది. మూడోది చేతిలో ఉండిపోయింది. పోయినేడు ఒకే కాయ ఇద్దరూ తినేవాళ్ళు. రెండు కళ్ళు నావి, ఒకటి నీది అనేవాడు వాడు. పైడి పోట్లాడేది. ఇప్పుడు మూడూ పైడివే.

అప్పుడు ఎర్నాయుడు మూతి తుడుచుకుంటూ, "పోయినేడు సిం..." అని మొదలెట్టాడు. పైడి వాడి తొడ మీద ఎంత గట్టిగా గిచ్చిందంటే వాడు ఎగిరి పడ్డాడు. ఏమయిందిరా అని అత్త అడిగితే, చీమ కుట్టింది పిన్నీ అన్నాడు, కళ్ళనీళ్ళు పెట్టుకుని. అత్త వాడి కాలు పట్టుకుని చీమ కోసం చాలాసేపు వెతికింది. చీమ లేదు. అత్త పైడి వైపు ఒకసారి చూసింది.

ఆ తర్వాత సాయంత్రం సముద్రానికి వెళ్ళారు. లచ్చిమి ఇసకలో గూడు కట్టింది, ఎర్నాయుడు దాన్ని తొక్కేశాడు, లచ్చిమి వాణ్ణి తిట్టింది. నాన్న వేయించిన వేరుశెనక్కాయల పొట్లాలు తెచ్చాడు. అత్త పొట్లం విప్పి, ఒక్కొక్కటే ఒలిచి, పిల్లలకి పెట్టేసింది.

ఒడ్డున వల ఆరబెట్టుకుంటున్న ముసలాయన అత్తని గుర్తుపట్టాడు. దగ్గరికొచ్చి నవ్వాడు.

"గుంటడేడమ్మా? పోయినేడు మాతో కలిసి వల లాగాడు. చేతులు బొబ్బలెక్కినా వదల్లేదు" అన్నాడు.

అత్త నోరు తెరిచింది. మాట ఇంకా రాకముందే నాన్న అడ్డం వచ్చాడు. "ఊరెళ్ళాడు" అన్నాడు. గబగబా చేపల ధర అడిగాడు, పడవ సంగతి అడిగాడు, ముసలాయన భుజం మీద చెయ్యి వేసి అటు తీసుకెళ్ళిపోయాడు.

అత్త తెరిచిన నోరు అలాగే ఉంది. కాసేపటికి మూసుకుంది. ఆ తర్వాత మెల్లగా నీళ్ళలోకి నడిచింది. కెరటం వచ్చి మోకాళ్ళ దాకా చీర తడిసినా వెనక్కి రాలేదు. పైడికి భయమేసింది. పరిగెత్తుకెళ్ళి కొంగు పట్టుకుంది. నేను చెప్పలేదు, నేనేం చెప్పలేదు, ఆగిపోకు అత్తా అని లోపల్లోపలే అనుకుంది. చెవి అత్త నడుముకి ఆనించి విన్నది. సముద్రం హోరులో గుండె చప్పుడు వినపడితే కదా.

ఆదివారం పొద్దున్నే అత్త చిన్ననాటి నేస్తం కాసులమ్మ ఇంటికి తీసుకెళ్ళారు. వాళ్ళిద్దరూ ఒకే పలక మీద అక్షరాలు దిద్దినవాళ్ళు. కాసులమ్మ అత్త చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది. చింతపండు ధర చెప్పింది, ఎవరింట్లో పెళ్ళో చెప్పింది, కొత్త రైకల నమూనాలు చూపించింది. మధ్యలో ఊపిరి కూడా తీసుకోలేదు.

అప్పుడు వెనక గది తలుపు దబదబా మోగింది. అమ్మా ఆకలి అని ఒక పిల్లాడి గొంతు. కాసులమ్మ మొహం మాడిపోయింది. తనకీ సింహాద్రి ఈడు కొడుకు ఉన్నాడు. వాడు కళ్ళబడితే నేస్తం బాధ పడుతుందని లోపల పెట్టి గడియ వేసింది.

అత్త లేచింది. తనే వెళ్ళి గడియ తీసింది. ఆ పిల్లాడి తల నిమిరింది. "పిల్లాడికి అన్నం పెట్టవే కాసులూ. నేను వెళ్తాను" అంది. కాసులమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. మంచికే చేసింది కదా.

ఇంటికి వచ్చేసరికి అమ్మ ఆవకాయ కలుపుతోంది. ఇల్లంతా ఆవపిండి ఘాటు. అందరూ తుమ్ముతున్నారు. ముక్కలన్నీ జాడీలోకి ఎత్తి, అమ్మ పెద్ద బేసిను అత్త ముందు పెట్టింది. బేసిను అడుగున, అంచుల చుట్టూ ఎర్రగా కారం, నూనె అంటుకుని ఉంటుంది చూడు, అందులో వేడన్నం వేసి కలిపి పిల్లలకి ముద్దలు పెట్టాలి. ఆ ఇంట్లో ఆ పని ఆడపడుచుది. ఏటేటా నూకాలత్తే పెట్టేది.

అత్త వద్దనలేదు. చెయ్యి కడుక్కుని అన్నం కలిపింది. పిల్లలు వరసగా కూర్చున్నారు. పెద్దవాళ్ళ దగ్గర్నుంచి చిన్నవాళ్ళ దాకా ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవాలి. పిలిచినవాళ్ళు ఓయ్ అని చెయ్యి చాపాలి. అది పద్ధతి.

"ఎర్నాయుడూ" అంది అత్త. ఓయ్ అన్నాడు. ముద్ద పెట్టింది.

"లచ్చిమీ" అంది. లచ్చిమి ముద్ద తీసుకుని, కారం కారం అని ఊదుకుంటూ తినేసింది.

ఆ తర్వాత అత్త చెయ్యి ఇంకో ముద్ద చేసింది. తనకి తెలియకుండానే చేసింది. పెద్ద ముద్ద, కారం తగిలీ తగలకుండా, మధ్యలో నూనె చుక్క. పైడికి అలాంటి ముద్ద ఎప్పుడూ పెట్టేది కాదు. లచ్చిమి తర్వాత, పైడి ముందు, అక్కడ ఎవరు ఉండేవారో అందరికీ తెలుసు. అత్త పెదాలు కదిలాయి. పేరు రాలేదు. చెయ్యి గాల్లో నిలబడిపోయింది.

అప్పుడు ఇల్లంతా కంగారు పడిపోయింది. నాన్నమ్మ వసారాలోంచి పైడికి పెట్టమ్మా అంది. అమ్మ మజ్జిగ తేనా వదినా అంది. నాన్న గుమ్మంలోంచి బయల్దేరడానికి వేళవుతోందన్నాడు.

పైడి అత్త మొహం చూసింది. ఆ చూపు అది ఎరుగును. శుక్రవారం ఆటో దిగినప్పుడు చూసిన చూపు. అత్త భయపడట్లేదు. అడుగుతోంది. రెండు రోజులుగా అందరినీ అదే అడుగుతోంది. కానీ నాన్నమ్మ చెప్పిందే, గుండె ఆగిపోతుందని. ఆగిపోతే? ఆగిపోతే ఏం చెయ్యాలి?

పైడి కళ్ళు గట్టిగా మూసుకుంది. ఒక చెయ్యి చాపింది. ఆ తర్వాత రెండో చెయ్యి కూడా చాపింది.

"అత్తా, ఈ చెయ్యి నాది. ఈ చెయ్యి సింహాద్రి బావది" అంది.

ఎర్నాయుడు నమలడం మానేశాడు. పైడి కళ్ళు తెరవలేదు. అత్త పడిపోయిన చప్పుడు వస్తుందేమో అని వింటోంది.

"ఏటన్నావమ్మా?" అంది అత్త.

"సింహాద్రి బావ."

"మళ్ళీ అను."

"సింహాద్రి బావ."

"ఇంకొక్కసారి అను తల్లీ."

పైడి మూడోసారి అంది. అప్పుడు దాని రెండో అరచేతిలో వెచ్చగా ముద్ద పడింది. ముద్ద వెనకే టపటపా నీళ్ళు పడ్డాయి. కళ్ళు తెరిచింది. అత్త ఏడుస్తోంది. ఆ వానల్నుంచీ ఏడవని అత్త, కారం చేతుల్ని గాల్లో పెట్టుకుని, మొహం కప్పుకోను కూడా లేక, పసిపిల్లలా ఏడుస్తోంది.

నాన్న వచ్చి పక్కన చతికిలబడ్డాడు. అత్త నాన్న వైపు తిరిగింది.

"ఊరెళ్ళాడన్నావు అన్నయ్యా. ఎవరూ వాడి పేరు ఎత్తరు. వాడి ఈడు పిల్లాణ్ణి కూడా నాకు చూపించరు. నిజంగా కన్నానా, కల గన్నానా అని నాకే అనుమానం వచ్చేసింది."

నాన్న తల వంచుకుని భుజం మీద తువ్వాలు కళ్ళకి అద్దుకున్నాడు.

ఆ ముద్ద ఎవరు తినాలో పైడికి తెలియలేదు. అత్తనే అడిగింది. అందరూ తినండి అంది అత్త. అప్పుడు ముగ్గురు పిల్లలూ తలా కాస్త తుంచుకున్నారు. సింహాద్రి దాగుడుమూతల్లో వేళ్ళ సందుల్లోంచి చూసేవాడని తింటూ ఎర్నాయుడు చెప్పాడు. నా రిబ్బను కోడి కాలికి కట్టాడని లచ్చిమి చెప్పింది. అవన్నీ చాడీలే. అయినా అత్త ఒక్కొక్కటీ రెండేసిసార్లు చెప్పించుకుంది. వింటూ ఏడ్చింది, ఏడుస్తూ విన్నది.

అత్త గుండె ఆగలేదు. నొప్పి కూడా ఆగలేదు.

ఇంక వాడు తిరిగొస్తాడా అని అడగబోతున్నావు కదూ? రాలేదు తల్లీ. వేరే కథల్లో రాక్షసుడి కడుపు చీల్చుకుని వచ్చేస్తారు. ఈ కథలో రాలేదు.

సాయంత్రం నాన్న ఆటో తీశాడు. అత్త సంచి పట్టుకుని ఎక్కింది. ఎర్రబడ్డ కళ్ళతో పైడి బుగ్గ మీద ముద్దు పెట్టుకుంది, చేతులు కడుక్కున్నా పోని ఆవకాయ వాసన పైడి బుగ్గకి అంటింది. ఆటో మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

అందరూ లోపలికి వెళ్ళారు. నాన్నమ్మ మాత్రం వాకిట్లో నిలబడిపోయింది. మునిమాపు వేళ. వీధి చివర పిల్లలు ఆడుకుంటున్నారు. ఎవరి అమ్మలు వాళ్ళని స్నానాలకి పిలుస్తున్నారు.

అప్పుడు నాన్నమ్మ అరుగు స్తంభం పట్టుకుని, గొంతు సవరించుకుని, వీధి చివరికి వినపడేలా పిలిచింది.

"ఒరే సింహాద్రీ..."

ఎవరూ పలకలేదు. నాన్నమ్మ మళ్ళీ పిలిచింది. మూడోసారి పిలిచేటప్పుడు గొంతు చీలిపోయింది. పైడి వెళ్ళి నాన్నమ్మ చెయ్యి పట్టుకుంది. పిలవొద్దని మాత్రం అనలేదు.

కథ నడిచి కంచి చేరింది,
నిద్ర నడిచి నిన్ను చేరింది.
పిలిచిన పేరు పెదవి మీదుంది,
పడుకో తల్లీ, నా చెయ్యి నీ మీదుంది.