రాజుగారి సగం గడ్డం

చిత్తవరం రాజుగారి ముఖం మీద గాట్లన్నీ మంగలి సుంకన్న పెట్టినవే. "మన పనితనం దాచినా దాగదు" అని తనమీద తనే నవ్వుకునేవాడు.

ఒక్కగానొక్క కొడుకు జ్వరంతో పోయాక రాజుగారు చాటింపు వేయించారు. "ఈ రాజ్యంలో దేవుడు లేడు. ఆ పేరెత్తినవాళ్లను వెళ్లగొడతాం." మర్నాడే సుంకన్న భార్య ఓబుళమ్మ కాలికి రాయి తగిలి "దేవుడా" అంది. భటులు పట్టుకుపోయారు. సాయంత్రానికి పొలిమేర దాటిస్తారట.

ఆమె లేకుండా ఇంటికి తిరిగిరానని అనుకుని సుంకన్న కత్తుల పొది తీసుకుని కోటకు వెళ్లాడు.

సగం గడ్డం అయ్యేసరికి రాజుగారు రోజూలాగే కళ్లు మూసుకుని గొణగడం మొదలుపెట్టారు. "వాణ్ణెందుకు తీసుకుపోయావు? నీకు జాలి లేదా?"

సుంకన్న కత్తి కింద పెట్టాడు.

"ఆపావేంరా?"

"తమరు మాట్లాడుతున్నారు కదా ప్రభూ. అయ్యాక గీస్తాను."

"ఎవరితో మాట్లాడానురా?"

"గదిలో ఉన్నది నేనొక్కణ్ణే. గడ్డం కోశానంటే ఒప్పుకుంటాను గానీ, మీ బిడ్డను నేను తీసుకుపోలేదు. నా భార్య కాలినొప్పితో పిలిచింది, తమరు కడుపుకోతతో పిలిచారు. ఇద్దరూ పిలిచింది ఒకరినే."

రాజుగారు భటుణ్ణి పిలిచి ఓబుళమ్మను విడిచిపెట్టమన్నారు.

"ఒరే సుంకన్నా, ఆయన నిజంగా ఇక్కడున్నాడంటావా?"

"ఇన్నేళ్లుగా నా కత్తి కింద కూర్చుని తమరు ప్రాణాలతో లేస్తున్నారంటే, ఎవరో కనిపెట్టుకునే ఉన్నారు ప్రభూ."

రాజుగారికి నవ్వొచ్చింది. దాని వెనకే ఏడుపూ వచ్చింది. ఆ రెండూ అయ్యేదాకా సుంకన్న కత్తి ముట్టుకోలేదు.