తడిసిన బొరుగులు

సంగమయ్య సామి దగ్గరికి ప్రశ్న పట్టుకొని పోయినవాళ్ళు జవాబు పట్టుకొని రావడం అరుదు. ఆయన ముందు వినేవాడు కాదు. వింటే విసుక్కునేవాడు. విసుక్కోవడం అయ్యాక ఏదో ఒక పని చెప్పేవాడు. అయినా జనం కొండ కింద ఉన్న ఆ చిన్న మఠానికి ఎండనకా వాననకా ఎందుకు పోయేవాళ్ళో, తలుచుకుంటే ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ఆయన శిష్యుల్లో మద్దిలేటి అని ఒకడుండేవాడు. ఆ ఎండాకాలం అతనికి ఒకటే ప్రశ్న. పొద్దున అడిగేవాడు, సందేళ అడిగేవాడు, సామి అన్నం తింటుంటే కూడా ఎదురుగా కూర్చొని అడిగేవాడు.

"సామీ, మంచి పేరు రావల్లంటే ఇంగా ఏం చెయ్యల్ల?"

"ముందు నన్ను ముద్ద మింగనీరా," అనేవాడు సామి.

పాపం, అతని బాధ అబద్ధం కాదు. మద్దిలేటి తండ్రి ఊళ్ళో పాలు పోసేవాడు. పాలల్లో నీళ్ళు కలుపుతాడని పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ మనిషి పోయాడు, బర్రెలు పోయాయి, మద్దిలేటి పాల వ్యాపారం మానేసి సేద్యం చేసుకుంటున్నాడు. కానీ ఇంటికి పడిన 'నీళ్ళపాలోళ్ళు' అన్న పేరు మాత్రం పోలేదు. అతని కూతురు ఈశ్వరి మూడో తరగతి. బడిలో ఆ పిల్ల కొళాయి దగ్గర నీళ్ళు తాగితే చాలు, పిల్లలు చుట్టూ చేరి "ఏమే, మీ ఇంటి పాలు తాగుతాండావా?" అని నవ్వేవాళ్ళు. ఒంటిపూట బళ్ళు మొదలయ్యాక ఒకరోజు ఆ పిల్ల పుస్తకాల సంచి అటక మీదికి విసిరేసి, ఇంక బడికి పోనంది. కొట్టినా పోలేదు, బతిమాలినా పోలేదు.

అందుకని మద్దిలేటి దానధర్మాల్లోకి దిగాడు. నుదుటి మీద అరచేయంత విభూతి పెట్టాడు. సోమవారం భజనలో అందరికంటే గట్టిగా పాడాడు. బస్సులు ఆగే మలుపులో పందిరి వేసి చలివేంద్రం పెట్టి, పైన పెద్ద బ్యానరు కట్టించాడు. అందులో మద్దిలేటి నిలువెత్తున చేతులు జోడించి ఉంటాడు. శివుడు ఒక మూల చిన్నగా ఉంటాడు. సామి ఒకసారి అటుగా పోతూ చూసి, "శివుడు నీ చంకనెక్కినాడేమిరా?" అని మాత్రం అన్నాడు.

ఇంత చేస్తే ఊరేమంది? "పాలల్లో పొయ్యంగ మిగిలిన నీళ్ళు ఈడ పోస్తాండాడు" అంది.

ఆ మాట చెవిన పడిన రోజు మద్దిలేటి ఎండెక్కుతుండగానే ఉరుక్కుంటూ మఠానికి వచ్చాడు. సామి గోడ నీడన పడుకొని ఉన్నాడు.

"ఇంగ నావల్ల కాదు సామీ! ఎంత చేసినా ఇంతే ఈ జనం!"

"శివుడు చూస్తాండాడు గదరా," అన్నాడు సామి కళ్ళు తెరవకుండానే.

"చూస్తాండాడని నాకూ తెలుసు. చూసి ఎవురికీ చెప్పడు గదా!"

సామి లేచి కూర్చున్నాడు. నవ్వుదామా తిడదామా అని కాసేపు తేల్చుకోలేకపోయాడు. చివరికి పైగుడ్డ భుజాన వేసుకొని, "నిద్ర ఎట్లాగూ పాయె. పద, నీ నీళ్ళు తాగుదాం," అని నడిచాడు.

వాళ్ళు పందిరి చేరేసరికి బొరుగులమ్మే ఉసేనమ్మ గంప దించుకొని నిలబడి ఉంది. ఊరూరా తిరిగి ఆ మరమరాలు అమ్ముకొని బతికే మనిషి. గంప నిండుగా ఉంది, ఆమె నాలుక పిడచకట్టుకొని ఉంది. సామి బల్ల మీద కూర్చొని, "ముందు ఆమెకు పొయ్యి," అన్నాడు.

మా వైపు దారిన పోయేవాళ్ళు చెంబు నోటికి ఆనించరు. వంగి, దోసిలి మూతికి ఆనించి పెడితే, పోసేవాళ్ళు పైనుంచి ధారగా పోస్తారు. నోటినిండా నీళ్ళున్నవాళ్ళు చాలని చెప్పలేరు కనుక తల ఆడిస్తారు. అందుకని పోసేవాళ్ళ చూపు తాగేవాళ్ళ తల మీదే ఉండాలి. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు గానీ, అందరికీ తెలిసిన మర్యాదే అది.

ఉసేనమ్మ వంగింది. మద్దిలేటి పోయడం మొదలుపెట్టాడు. అంతలో మలుపులో ఒక తెల్లకారు నిదానించింది. లోపల ఎవరో పెద్దమనుషులున్నట్టున్నారు. మద్దిలేటి చెంబు ఇంకా పైకెత్తి, ముఖం రోడ్డువైపు తిప్పి, బ్యానరులో ఉన్నట్టే చిరునవ్వు పెట్టాడు. ఇక్కడ ఉసేనమ్మ తల ఆడిస్తోంది. ఒకసారి కాదు, ఆడిస్తూనే ఉంది. ధార దోసిలి దాటి ముక్కులోకి పోయింది. ఆమె ఉక్కిరిబిక్కిరై ఒక్క దగ్గు దగ్గేసరికి మద్దిలేటి అదిరిపడి వెనక్కి అడుగేశాడు. వెనక ఎత్తుపీట మీదున్న కడవ అతని నడుము తగిలి ఒరిగింది. కడవెడు నీళ్ళూ పీట వెనక నీడన దించిన బొరుగుల గంపలోకే పోయాయి.

కారు ఆగలేదు.

ఉసేనమ్మ కొంగుతో ముఖం తుడుచుకొని గంప చూసుకుంది. "ఓరి నీ దానం దిబ్బలో పడ! నీళ్ళు తాగేది నేనైతే ఆ పక్క ఎవురిని చూస్తాండావురా? మీ నాయన పాలల్లో పోసె, నువ్వు బొరుగుల్లో పోస్తివి!"

బస్సు కోసం నిలబడినవాళ్ళంతా ఫక్కున నవ్వారు. నవ్వినవాళ్ళలో ముసలివాళ్ళున్నారు, పిల్లలున్నారు. ఆ మాట పొద్దుగూకేలోపు ఊరు చేరుతుందని, రేపటికి కూతురి చెవిన పడుతుందని మద్దిలేటికి తెలిసిపోయింది. చెంబు నేలకేసి కొట్టాడు.

"చాలు సామీ! పందిరి పీకేస్తా. నా మొగానికి మంచిపేరు రాసిపెట్టలేదు!"

"పేరు సంగతి తర్వాత," అన్నాడు సామి విసుగ్గా. "ఆమె బొరుగుల సంగతేంది? ఇంకాసేపుంటే ముద్దయిపోతాయి."

మద్దిలేటి ఏదో అనబోయి గంపవైపు చూశాడు. బొరుగులు అప్పుడే కుంగుతున్నాయి. ఉసేనమ్మ తిట్టడం మానేసి, వాటిని ఊరికే చేత్తో కెలుకుతూ కూర్చుంది. మా సీమలో తడిసిన బొరుగులకు ఉన్నది ఒకటే దారి, నీళ్ళు పిండి ఉల్లిగడ్డలతో వేయించే ఉగ్గాని. అదీ వెంటనే తాలింపు పడితేనే.

ఇంటికి పరుగెత్తాడు. కాసేపటికి పెద్ద బాణలి నెత్తిన పెట్టుకొని అతనూ, ఉల్లిగడ్డల మూట పట్టుకొని భార్య సుంకులమ్మా, పప్పుల పొడి డబ్బాతో ఈశ్వరీ వచ్చారు. "ఇంట్లో నూనె చుక్క మిగల్లేదు, ఉల్లిగడ్డ మిగల్లేదు, ఈయన మంచిపేరు మన్నుగాను!" అని సుంకులమ్మ దారిపొడుగునా సణుగుతూనే ఉంది. సణుగుతూనే పొయ్యికి రాళ్ళు పేర్చింది.

పిండిన బొరుగులు పోసుకోవడానికి అంత వెడల్పు గుడ్డ ఎక్కడ దొరుకుతుంది? మద్దిలేటి అటూ ఇటూ చూసి, ఎగిరి బ్యానరు లాగేశాడు. వెనకవైపు నీళ్ళతో కడిగి బల్ల మీద పరిచాడు. నిలువెత్తు మద్దిలేటి బల్లకు బోర్లా పడ్డాడు.

ఉసేనమ్మ పిడికిళ్ళతో పిండింది, సుంకులమ్మ తరిగింది, మద్దిలేటి కలియబెట్టాడు. ఒక వాయి దించేలోపు ఇంకో వాయి నానిపోతోంది. చెమటకు నుదుటి విభూతి కరిగి కళ్ళల్లో పడితే భుజంతో తుడుచుకున్నాడు. తాలింపు వాసనకు బస్సులు ఆగాయి. ఆకుల్లో పెట్టి ఉసేనమ్మే అమ్ముకుంది. మామూలు రోజు ఊరంతా తిరిగినా అమ్ముడుపోని గంప కూర్చున్నచోటే ఖాళీ అవుతుంటే, మధ్యమధ్య ఆమె "ఉప్పు చూసుకోరా నాయనా" అంటోంది. 'ఓరి' ఎప్పుడు పోయి 'నాయనా' ఎప్పుడు వచ్చిందో ఆమెకే తెలియదు.

అదే వేళకు బడి వదిలారు. ఆకులు అందిస్తున్న ఈశ్వరిని చూసి ఒక పిల్లవాడు నోటినిండా ఉగ్గానితోనే, "రేయ్, నీళ్ళపాలోళ్ళ పిల్లరా!" అన్నాడు.

ఉసేనమ్మ వాడి చేతిలో ఆకు పట్టుకొని ఆపింది. "ఏరా? వాళ్ళ నాయన చేసింది నోట్లో పెట్టుకొని వాళ్ళనే అంటావా? ముందు మింగు. మింగినాక చెప్పు, ఎవురి పిల్ల?"

వాడు మింగాడు. "మద్దిలేటన్న పిల్ల," అన్నాడు.

ఈశ్వరి వాడి ఆకులో ఇంకొక గరిటె వేసింది. వెళ్ళబోతుంటే వాడిని పిలిచి, బడిలో ఎక్కాలు ఎంతవరకు వచ్చాయని అడిగింది.

ఇదంతా బల్ల చివర కూర్చున్న సామి విన్నాడు. రెండడుగుల దూరంలో ఉన్న మద్దిలేటికి మాత్రం వినబడలేదు. అడుగంటుతున్న ఆఖరి వాయిని గీకుతున్నాడు అతను.

ఎండ తగ్గింది. ఉసేనమ్మ ఖాళీ గంప నెత్తిన పెట్టుకొని వెళ్ళిపోయింది. భార్యా కూతురూ గిన్నెలు తీసుకొని ఇంటిదారి పట్టారు. మద్దిలేటి సామి పక్కన కూలబడి, బొబ్బలెక్కిన అరచేతులు ఊదుకుంటున్నాడు. ఎండాకాలమంతా అడుగుతున్న ప్రశ్న మళ్ళీ అడగాలన్న ధ్యాస కూడా అతనికి ఉన్నట్టు లేదు.

సామే అడిగాడు. "ఎవురెవురు తినిపోయినార్రా?"

మద్దిలేటి ఆలోచించాడు. ఒక్క ముఖమూ గుర్తుకు రాలేదు. "నేను చూడలేదు సామీ," అన్నాడు, తప్పు చేసినవాడిలా.

సామి పైగుడ్డ దులిపి భుజాన వేసుకొని లేచాడు.

"వాళ్ళు చూసినార్లే."