మొగ దగ్గర ఖాళీ ఇసుక

అనగనగా వికారి నామ సంవత్సరం. రోహిణి కార్తె ఎండలకు సముద్రపు ఇసుక పెనంలా కాలుతోంది. పట్నం బీచిలో ఒక ఎర్రపీతల జంట కాపురం ఉండేది. మగపీత పేరు జోగారావు. ఆడపీత పేరు పైడమ్మ.

పైడమ్మకు భయం ఎక్కువ. ఎందుకు ఉండదు? ఆ బీచి నిండా కాళ్లే. చెప్పుల కాళ్లు, బూట్ల కాళ్లు, పిల్లల్ని ఎక్కించుకు తిరిగే గుర్రం కాళ్లు. అవి చాలవన్నట్టు పొద్దున్నే ఇసుక చదును చేసే ట్రాక్టరు. కిందటేడు పైడమ్మ పొట్ట కింద గుడ్లు మోసుకుంటూ నీళ్ల వైపు వెళ్తుంటే ఆ ట్రాక్టరు మీదికి వచ్చేసింది. ప్రాణం దక్కింది. గుడ్లు దక్కలేదు. అప్పటినుంచి నేల కాస్త అదిరితే చాలు, పైడమ్మ కళ్లు రెండూ లోపలికి ముడుచుకుపోయేవి.

ఈ ఏడు మళ్లీ ఆమె పొట్ట కింద గుడ్లు నిండాయి.

"ఏమయ్యో, నేనిక్కడ ఉండను. ఈ గుడ్లు సముద్రంలో విడిచేదాకా కాలు అనేది కనపడని చోటు చూడు" అంది.

"కాలు లేని చోటు ఆకాశంలో ఉంటుంది. అక్కడ గద్ద ఉంటుంది" అన్నాడు జోగారావు.

అయినా పెళ్లాం మాట తీసెయ్యలేదు. ఇద్దరూ ఒక వలల మూటలో దూరారు. ఆ మూట వ్యానెక్కింది. వ్యాను చాలా దూరం పోయి, ఉత్తరాన ఒక చిన్న ఊరి ఒడ్డున ఆగింది. అక్కడ దీపాలు లేవు. గుర్రాలు లేవు. ఇసుక, సముద్రం, పక్కన ఒక ఏరు. అంతే.

దిగీ దిగగానే శంఖం గుల్ల ఒకటి నడుచుకుంటూ వచ్చింది. అందులోంచి ఒక పీత తల బయటపెట్టింది. దాని పేరు గుర్నాథం.

"జాగా కోసమేనా బావా? ఈ ఒడ్డు మీద నేను పడుకోని చోటు లేదు. రండి, చూపిస్తా" అన్నాడు.

మొదట ఇసుక దిబ్బ మీదికి తీసుకెళ్లాడు. దిబ్బంతా ఊదాపూల తీగ అల్లుకుని ఉంది. తీగ కింద అడుగడుగునా బొరియలు. ప్రతి బొరియ ముందూ ఒక పీత. కానీ దిబ్బ పక్కనుంచే ఊళ్లోకి కాలిబాట. పైడమ్మ ఆ అడుగుజాడలు చూసి వెనక్కి నడిచింది.

తరవాత పడవల దగ్గరికి తీసుకెళ్లాడు. పడవల నీడన చేపముక్కలు పడి ఉన్నాయి. జోగారావుకు నోరూరింది. అంతలో పడవ వెనకనుంచి కుక్క ఆవలించింది. పైడమ్మ అక్కడ నిలబడనే లేదు.

చివరికి మొగ దగ్గరికి వచ్చారు. మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. ఎండాకాలం ఏరు ఎండి, మొగకు అడ్డంగా ఇసుక తిన్నె పడింది. తిన్నె నున్నగా, తెల్లగా, పరుపులా ఉంది. ఒక్క అడుగుజాడ లేదు. ఒక్క బొరియా లేదు.

"నేను రోజూ ఇక్కడే కునుకు తీస్తా చెల్లెమ్మా. ఎంత మెత్తనో!" అన్నాడు గుర్నాథం.

"పట్నంలో ఇలాంటి ఖాళీ జాగా అరచేతంత దొరికితే పీతలన్నీ కొట్టుకు చచ్చేవి. ఇక్కడివాళ్లు ఒట్టి వెర్రివాళ్లు!" అన్నాడు జోగారావు.

పీతల్లో ఒక ఆచారం ఉంది. గుడ్లు మోసే ఆడది ఎక్కడ మొదటి గుప్పెడు ఇసుక తీస్తే అక్కడే ఇల్లు. కాబట్టి తేల్చాల్సింది పైడమ్మే.

ఆమె ఇసుక తియ్యడానికి ముందరి డెక్క ఎత్తేసరికి దిబ్బ మీదినుంచి ఒక ముసలి పీత దిగి వచ్చింది. పేరు దాలమ్మ.

"ఏటమ్మా, ఇక్కడే తవ్వుతావేటి? దిబ్బ మీదికి రా. ఇరుగ్గా ఉన్నా సర్దుకుందాం."

"అక్కడ కాళ్లు తిరుగుతున్నాయి పిన్నీ. ఇక్కడ ఎవరూ లేరు."

"మా తాతల కాలం నుంచీ ఇక్కడ ఎవరూ తవ్వలేదు. ఎందుకో అడగవేటి?"

పైడమ్మ అడగబోయింది. సరిగ్గా అప్పుడు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఒకామె దిబ్బ పక్కనుంచి గబగబా నడిచింది. నేల అదిరింది. పైడమ్మ కళ్లు ముడుచుకుని, కాళ్లకొద్దీ పరిగెత్తి, తిన్నె నడుమ గబగబా ఇసుక తవ్వి లోపల దూరింది.

దాలమ్మ జవాబు నోట్లోనే ఉండిపోయింది.

రోజులు హాయిగానే గడిచాయి. కాలి చప్పుడు లేదు. బొరియ అడుగున ఎప్పుడూ కాసిని నీళ్లు ఊరేవి. ఒకనాడు పైడమ్మ ఆ నీళ్లు రుచి చూసి ఉలిక్కిపడింది.

"ఏమయ్యో, ఉప్పు తగ్గింది."

"నీ నాలుక తగ్గింది" అన్నాడు జోగారావు.

ఇంకో నాడు ఉప్పు ఇంకా తగ్గింది. ఆరుద్ర కార్తె వచ్చేసరికి నీళ్లలో ఉప్పు అసలే లేదు.

"ఇవి సముద్రం నీళ్లు కావయ్యా! మనకు తెలియంది ఏదో కిందినుంచి వస్తోంది."

"మంచినీళ్లే కదా? పట్నంలో సీసాల్లో పోసి అమ్ముతారు. ఊరికే వస్తే నీకు చేదా?"

పైడమ్మకు నవ్వు రాలేదు. బయటికి వచ్చి చూసింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. కానీ తిన్నె వెనక ఏరు నిండి, ఎర్రగా, కదలకుండా నిలబడి ఉంది. దిబ్బ మీది పీతలు పాత బొరియలు వదిలి ఇంకా పైకి పోతున్నాయి. గుర్నాథం ఎక్కడా లేడు. ఇల్లు వీపున వేసుకుని ఎప్పుడో పోయాడు.

ఆమె దిబ్బ వైపు బయలుదేరింది. సగం దారిలో మనుషులు సముద్రంలోంచి అలివి వల ఒడ్డుకు లాగుతున్నారు. వరసగా కాళ్లు. ఇసుకలో దిగబడి, లేచి, మళ్లీ దిగబడే కాళ్లు. పైడమ్మ గుడ్లు పొట్టకు అదుముకుని ఆగింది.

"వాళ్లు పోయాక వెళ్దాం. రేపు వెళ్దాం" అనుకుని బొరియలోకి తిరిగి వచ్చింది.

మర్నాడు తెల్లవారుతుండగా రొద వినిపించింది. ఇక్కడ చినుకు పడలేదు. ఎక్కడో కొండల్లో పడ్డ వాన ఏరంతా నడిచి వచ్చింది. తిన్నె కింద ఇసుక కదిలింది. బొరియ గోడలు మెత్తబడ్డాయి. అడుగునుంచి ఎర్రనీరు బుసకొడుతూ లేచింది.

పైకప్పు కూలబోయింది. జోగారావు తన పెద్ద డెక్క అడ్డం పెట్టాడు.

"పో! చూస్తావేం, పో!"

"నువ్వో?"

"నీ వెనకే వస్తా. పోవే!"

దారి సగం పూడిపోయింది. పైడమ్మ పొట్ట ఇసుకకు రాసుకుంటూ పాకింది. రాసుకున్న చోటల్లా గుడ్లు రాలాయి. ఆగితే చావు. కదిలితే గుడ్లు పోతాయి. ఆమె కదిలింది. వెనక జోగారావు నలిగిన డెక్కను అక్కడే వదిలేసి బయటపడ్డాడు. వాళ్ల వెనకాలే తిన్నె రెండుగా తెగింది. ఏరు సముద్రంలోకి దూకింది.

ఒడ్డున మనుషులు మొగ తెగడం చూస్తూ నిలబడ్డారు. ఆ కాళ్ల మధ్యనుంచే ఇద్దరూ పరిగెత్తారు. ఒక కాలు వాళ్లను చూసి పక్కకు జరిగింది కూడా.

దాలమ్మ వాళ్లను తన బొరియలోకి లాక్కుంది.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు పిన్నీ?" అని ఏడ్చింది పైడమ్మ.

"చెప్పేలోగా పరిగెత్తావు కదమ్మా. మళ్లీ అడగడానికి రానూలేదు. ఏరు ఏటేటా తన దారి తను తెరుచుకుంటాది. మీకా జాగా ఎవరు చూపించారు?"

"గుర్నాథం."

"ఇల్లు వీపున మోసేవాడినా ఇంటి జాగా అడిగారు!" అంది దాలమ్మ.

కొన్నాళ్లకు జోగారావు డెక్క మళ్లీ మొలిచింది. పైడమ్మ మోసిన గుడ్లలో ఒక్కటీ మిగల్లేదు.

నీతి: పాత ఊరి భయం చూపించిన చోట కొత్త ఇల్లు కట్టకూడదు. ఖాళీ జాగా ఎందుకు ఖాళీగా ఉందో అక్కడివాళ్లను అడగాలి, జవాబు వినేదాకా నిలబడాలి.