చెయ్యెత్తితే బంతి బయటికి

నూకరత్నం టీచరును ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు వెంటనే రాదు. "ముందు ఆడండి," అంటుంది. ఆట అయ్యేసరికి అడిగినవాళ్ళు ప్రశ్న మరిచిపోతారు. మరిచిపోనివాళ్ళకు జవాబు మోకాలి మీద దుమ్ములా అంటుకుని ఉంటుంది.

ఆమె మైదానం విజయనగరం దగ్గర మూతపడ్డ జూట్ మిల్లు వెనక ఉంది. ఒకప్పుడు లారీలు ఆగిన స్థలం అది. డ్రిల్లు టీచరుగా రిటైరైన దగ్గర్నుంచి పద్దెనిమిదేళ్ళుగా ఆడపిల్లలకు అక్కడ ఫుట్‌బాల్ నేర్పుతోంది. అక్కడ ఒక కట్టడి ఉంది. ఎవరైనా కిందపడి చెయ్యెత్తితే, బంతి ఎవరి దగ్గరుంటే వాళ్ళు దాన్ని గీత బయటికి తన్నెయ్యాలి. ఎదుట గోల్ ఖాళీగా ఉన్నా సరే. "నిజంగా తగిలిందా?" అని అడగకూడదు. దెబ్బ తగిలిన పిల్ల లేచాక తనే వెళ్ళి బంతి తెచ్చి, ఆట ఆపిన పిల్లకు రెండు చేతులా అందించి, "ఆపినావు" అనాలి. థాంక్యూలు ఆ మైదానానికి తెలియవు. ఆ ఒక్క మాటే తెలుసు.

ఈ కట్టడికి వెనక టీచరు కాలుంది. పద్నాలుగేళ్ళప్పుడు బడిలో ఆడుతూ ఆమె పిక్క ఎముక విరిగింది. "నాటకాలు చాలు, లే," అన్నాడు డ్రిల్లు మాస్టారు. లేచింది. ఆ కాలితోనే ఇంటిదారి పట్టింది. మిల్లు దిగి వస్తున్న ఒక కూలి మనిషి, ముప్పై ఏళ్ళావిడ, ఆ నడక చూసి ఏమీ అడక్కుండా రిక్షా ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయింది. "పేరడగడం మరిచిపోయాను. ఆవిడైతే నన్నేమీ అడగనే లేదు," అంటుంది టీచరు. ఇప్పటికీ కొంచెం కుంటుతుంది. ఆ కూలి మనిషికి అందించాల్సిన బంతి ఏదో ఇంకా తన చేతుల్లోనే ఉండిపోయినట్టు ఉంటుంది ఆ సంగతి చెప్పేటప్పుడు.

ఆ మంగళవారం సాయంత్రం నేను టీచరు పక్కన సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఉండగా పోలేశ్వరి వచ్చింది, భుజాన సంచితో. పన్నెండో ఏట ఈ మైదానానికి వచ్చిన పిల్ల. ఇప్పుడు ఇరవై మూడు. పడమటి తీరాన ఒక పెద్ద ఊళ్ళో ఆడవాళ్ళ క్లబ్బుకు జీతం మీద ఆడుతోంది. మూడు రోజుల సెలవు మీద వచ్చింది. ఏడు గంటల రైలుకు తిరుగు ప్రయాణం.

"టీచరమ్మా, ఒక మాట అడగాల."

"అడుగు."

"మా కోచ్ నన్ను పడమంటన్నాడు."

"ఎక్కడ?"

"గోల్ ముందు, బాక్సులో. ఎవరి కాలైనా దగ్గరికొస్తే సాలు, తగలకపోయినా పడాలంట. పెనాల్టీ వస్తాది గదా. రెండు నెల్లనుంచి పరుపులేసి మరీ నేర్పుతున్నారు. కాలెలా మడవాల, చెయ్యెప్పుడెత్తాల, మొగం ఎలా పెట్టాల..."

బూటు తాళ్ళు కట్టుకుంటున్న లిల్లీ పకాలున నవ్వింది. లిల్లీ ఆ పిల్లల గోల్‌కీపరు. "మొగం కూడా నేర్పుతారేటప్పా?"

"నేర్పుతారే. నీకు నేర్పక్కర్లేదు, నీ మొగం పుట్టుకతోనే అలాగుంది," అంది పోలేశ్వరి. అని, నవ్వకుండా టీచరు వైపు తిరిగింది. "ఆదివారం సెమీఫైనలు. పడనంటే బెంచీ మీద కూకోబెడతాడు. ఈ నెలాఖరుకి నా ఒప్పందం అయిపోతాది. బెంచీ మీదున్నదాన్ని మళ్ళీ ఎవరు తీసుకుంటారు? పోనీ, నిలబడితే న్యాయం జరుగుతాదా అంటే అదీ లేదు. పోయిన నెల ఒకామె నా చొక్కా పట్టుకుని లాగీసింది. నాను పడకుండా పరిగెట్టీసినాను. రిఫరీ ఈల ఊదలేదు. అడిగితే, 'పడలేదు గదా, మరి లాగినట్టెలాగ' అన్నాడు. పడితే మోసం. పడకపోతే నాకు జరిగింది జరగనట్టే. నన్నేటి చెయ్యమంటారు?"

ఆ పిల్ల అడిగింది న్యాయమైన ప్రశ్న. టీవీలో మగవాళ్ళ ఆట చూసేవారికి ఈ విద్య కొత్త కాదు. పక్కవాడి గాలి సోకగానే కూలిపోతారు. ఆరుసార్లు పొర్లుతారు. ఈల వినపడగానే లేచి, జుట్టు సర్దుకుని, పెనాల్టీ కొట్టడానికి తయారవుతారు. దాన్ని ఆటలో తెలివి అంటారు, అభిమానులు పాలాభిషేకాలు చేస్తారు. ఆ ఆటే చూస్తూ సోఫాలో కూర్చున్న మగవాడు, నెలసరి నొప్పితో పక్క గదిలో ముడుచుకున్న భార్యను "మొదలెట్టావా నాటకం?" అంటాడు. పడిపోవడానికి కూడా మగపుట్టుక పుట్టాలి కాబోలు.

టీచరు వాచీ చూసుకుంది. "రైలుకింకా వేళుంది. ముందు ఆడు," అంది.

పోలేశ్వరి సంచి దించి పిల్లలతో కలిసింది. పిల్లలకది పండగ. ముఖ్యంగా దమయంతికి. దమయంతికి పన్నెండేళ్ళు. ఇంటివాళ్ళంతా ఇటుకబట్టీ దగ్గర ఉంటారు. 'పోలప్ప' అని తను పిలుచుకునే ఈ అక్క ఎప్పుడొచ్చినా ఆమె కాళ్ళ దగ్గర్నుంచి బంతి లాక్కోవాలని చూస్తుంది, ప్రతిసారీ బంతికి బదులు దుమ్మే దొరుకుతుంది. ఆ రోజు దొరికింది. పోలేశ్వరి బంతితో గోల్ ముందుకొచ్చి కుడికి తిరగబోతుండగా దమయంతి అడ్డంగా వచ్చి, ఆమె కాలు తాకకుండా, బంతిని మాత్రం శుభ్రంగా తీసేసుకుంది. దిమ్మ మీద కూర్చున్న మాకు స్పష్టంగా కనపడింది. "తీసీసినాను! పోలప్ప కాడ తీసీసినాను!" అని అరుస్తూ నాలుగు అడుగులు పరిగెత్తింది.

వెనక పోలేశ్వరి పడిపోయింది.

చాలా బాగా పడింది. కాలు మడతపడింది, నడుం తిరిగింది, ముఖంలోకి బాధ వేళకు వచ్చింది, చెయ్యి పైకి లేచింది. క్లబ్బులో ఆ చెయ్యి రిఫరీ కోసం. ఇక్కడ ఆ చేతికి వేరే అర్థం ఉందన్న సంగతి, ఆ అర్థంలోనే పెరిగిన పిల్లకు, చెయ్యి పైకి లేచాక గాని గుర్తు రాలేదు. "పడాలనుకోలేదు, నా కాళ్ళే పడిపోయినాయి," అని తర్వాత నాతో చెప్పింది.

దమయంతి వెనక్కి తిరిగి ఆ చెయ్యి చూసింది. తన జన్మకు మొదటిసారి గెలుచుకున్న బంతిని ఒక్క తన్నుతో తుమ్మపొదల్లోకి పంపేసింది.

లిల్లీ గోల్ వదిలి నీళ్ళసీసాతో పరిగెత్తింది. ఒకత్తె చున్నీ విప్పి మోకాలికి కట్టబోయింది. "ఓలమ్మో, పోలప్పకి తగిలీసింది! ఆదివారం మేచ్చుందంట!" అని ఇంకొకత్తె ఏడుపు లంకించుకుంది. వాళ్ళ చేతుల మధ్య పోలేశ్వరి కళ్ళు మూసుకుంది. తర్వాత లేచింది. కట్టడి ప్రకారం వెళ్ళి పొదల్లోంచి బంతి తెచ్చి దమయంతి ఎదుట నిలబడింది.

అందించాలి. ఆ మాట అనాలి. బంతి మాత్రమే చాచింది.

దమయంతి బంతి అందుకోలేదు. తల వంచుకుని తన కాలినే చూసుకుంటోంది. "బంతినే తన్నీననుకున్నానప్పా. నీ కాలు తగిలినట్టు నాకు తెలీనేదు," అంది. ముక్కు ఎగపీల్చి, "నా కాలు సంగతి నాకే తెలీనేదు," అంది.

జరగనిదాన్ని జరిగిందని ఒప్పుకోవడం, తన ఒంటి సాక్ష్యాన్ని తనే కొట్టేసుకోవడం, ఆడపిల్లకు ఈ చదువు చెప్పే బడులు ప్రతి ఇంటికీ ఒకటుంటాయి. ఈ మైదానం అలాంటి బడి కాదు, ఆ సాయంత్రం దాకా.

"నీ కాలు తగల్లేదు దమయంతీ," అంది పోలేశ్వరి. "నువ్వు బంతి తీసీసుకున్నావు. నాను ఊరికే పడ్డాను."

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మోకాలికి చున్నీ కట్టబోయిన పిల్ల దాన్ని మళ్ళీ మెడలో వేసుకుంది. లిల్లీ నీళ్ళసీసా మూత బిగిస్తూ, కోపం లేకుండా, తెలియక అడిగినట్టే అడిగింది.

"మరి చెయ్యెందుకెత్తినావప్పా?"

పోలేశ్వరి టీచరు వైపు చూసింది. టీచరు దిమ్మ మీద నుంచి లేవలేదు. "ఆడండి," అంది.

మళ్ళీ మొదలైంది. పది నిమిషాలు గడిచాక, మైదానం అవతలి వారన, కంకర తేలిన చోట, దమయంతి కాలు మడతపడి కూలింది. చెయ్యెత్తింది. బంతి రూప అనే పిల్ల దగ్గరుంది. రూప తన్నలేదు. బంతి మీద కాలు పెట్టి ఆపి, దమయంతి ముఖంలోకి పరీక్షగా చూసి, టీచరు వైపు తిరిగింది.

"నిజమేనేటి టీచరమ్మా?"

అంతా కలిపి అర క్షణం. అంతే. కాని పద్దెనిమిదేళ్ళలో ఆ మైదానంలో ఎవరూ అడగని ప్రశ్న అది. నా పక్కన టీచరు ఎడంచేత్తో తన పిక్కను పట్టుకోవడం చూశాను.

పోలేశ్వరి ఎక్కడి నుంచి వచ్చిందో, రూప కాలికిందనుంచి బంతి లాగి, మిల్లు గోడ అవతలికి తన్నింది. దమయంతి దగ్గరికి పరుగెత్తి, ఏమీ అడక్కుండా ఎత్తుకుని తెచ్చి, దిమ్మ మీద మా మధ్య కూర్చోబెట్టింది. చీలమండ అప్పటికే నిమ్మకాయంత ఉబ్బింది. టీచరు తడిగుడ్డ చుట్టింది. కొంచెం తెరిపిన పడగానే దమయంతి దిగింది. బంతి ఎవరైనా తెస్తారు, కూర్చోమన్నా వినలేదు. లిల్లీ భుజం పట్టుకుని, ఒంటికాలి మీద గెంతుతూ, గేటు చుట్టి వెళ్ళి తెచ్చింది.

"ఆపినావు," అని పోలేశ్వరికి రెండు చేతులా అందించింది. ఇందాకటి సంగతి ఆ ముఖంలో వెతికినా లేదు. అందుకున్న మనిషే బంతికి ముఖం ఆనించి తల దించుకుంది.

తలెత్తాక మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. "ఆదివారం ఏటి చెయ్యమంటారు టీచరమ్మా?"

"రేపు సాయంత్రం దాకా ఉండి చూడు."

"గురువారం పొద్దున్నకి అక్కడుండాల నాను. ఈ రైలు తప్పితే శుక్రవారం చేరతాను."

"నీ ఇష్టం."

"ఏటి చూడాల?"

"ఆ రూపని," అంది టీచరు.

పోలేశ్వరి కొంచెం దూరం వెళ్ళి కోచ్‌కు ఫోను చేసింది. ఆ అవతలి గొంతు మా దాకా వినపడింది. మాటలు విడిగా వినపడకపోయినా ధోరణి తెలుస్తూనే ఉంది. ఆ ధోరణికి భాషతో పనిలేదు. పోలేశ్వరి అంతా విని, "సరే సార్, కూకోబెట్టండి. ఒక్క రోజు ఆలస్యంగానే వస్తాను," అని పెట్టేసింది.

మర్నాడు సాయంత్రం ఆమె ఆడలేదు. సంచి భుజాన వేసుకునే గీత పక్కన నిలబడింది. కట్టు కట్టిన కాలు చాపుకుని దమయంతి దిమ్మ మీద నుంచి అందరికీ సలహాలిస్తోంది. "ఓసే రూపా, బంతిని ముద్దెట్టుకోకే, తన్ను!" అంటోంది. అరగంట గడిచింది. ఎవరూ పడలేదు. అంతకుముందు పిల్లలు పడితే భయపడిన పోలేశ్వరి, ఇప్పుడు పడకపోతే భయపడుతోంది.

చివరికి రూప ముగ్గుర్ని దాటుకుని గోల్ ముందుకొచ్చింది. లిల్లీ అప్పటికే తప్పు వైపు దూకేసింది. గోల్ ఖాళీ. సరిగ్గా అప్పుడు వెనకెక్కడో, వారం కిందట చేరిన ఎనిమిదేళ్ళ గుంట ఒకతె బోర్లాపడి చెయ్యెత్తింది. "చెయ్యి!" అని ఎవరో కేకేశారు.

రూప తల తిప్పింది. చెయ్యి మాత్రం చూసింది. ఆ పిల్ల ముఖం చూడలేదు, టీచరు వైపూ చూడలేదు. ఖాళీ గోల్ వదిలి బంతిని పక్కకు, గీత అవతలికి, పోలేశ్వరి కాళ్ళ దగ్గరికి తన్నేసింది.

ఆ గుంటకు తగిలిందేమీ పెద్దది కాదు. మోకాలు గీసుకుంది, దానికన్నా ఎక్కువ హడలిపోయింది. లేచి, పరికిణీ దులుపుకుని, తన పొట్టకన్నా పెద్దదైన బంతిని ఎత్తుకుని వెళ్ళి రూపకు అందించింది. "ఆపినావు."

"ఊఁ, ఆపినాను. నీ వల్ల గోల్ పోయిందే గుంటా," అంది రూప, బంతి అందుకుని దాని నెత్తి మీద ఒకటి చిన్నగా మొట్టి. ఇద్దరూ నవ్వారు.

పోలేశ్వరి సంచి పట్టీని రెండు చేతులా బిగించి పట్టుకుని నిలబడింది. వెళ్ళొస్తానని చెప్పడానికి టీచరు కాళ్ళకు వంగబోతే, ఆమె ఆ భుజాలు పట్టుకుని నిటారుగా నిలబెట్టింది.

"ఈసారికి పిల్లలు ఆ చేతిని నమ్మినారు," అంది టీచరు. "బేగి వెళ్ళు. రైలు వేళయింది."