రీలు మీది ఉప్పు

"తాడు పట్టుకునే మనిషి మీద అనుమానం వస్తే ఏం చెయ్యాలి మాస్టారూ?"

శనివారం సాయంత్రం జగన్నాయకులు గారి అరుగు మీద కూర్చుని చక్రధరరావు ఈ మాట అడిగాడు. జగన్నాయకులు గారు భీమిలిలో గాలం వేట నేర్పుతారు. నేర్పుతారనడం కూడా పూర్తిగా సరికాదు. ఆయన వేటకు వెళ్తారు, ఇష్టమున్నవాళ్ళు వెంట వెళ్తారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. లెక్క అడిగితే ఇప్పటికీ నోటితో చెప్తారు గాని, గాలం సంగతి అడిగితే చెప్పరు. రిజర్వాయరులో బొచ్చె చేపకు ఏ ఎర మంచిదని ఒకతను అడిగితే, అతన్ని మధ్యాహ్నం దాకా గాలం లేకుండా గట్టు మీద కూర్చోబెట్టి నీళ్ళు చూడమన్నారు. అతను మళ్ళీ రాలేదు. ఆయన ఏమీ అనుకోలేదు.

చక్రధరరావుది విశాఖపట్నం. బీమా కంపెనీల తరఫున నష్టాలు చూసి వచ్చే సర్వేయరు. గోదాము కాలిందా, కాల్చారా, లారీ బోల్తా పడిందా, పడేశారా అని తేల్చడం అతని పని. ఆ పనిలో అతనికి మంచి పేరుంది. బూడిదను వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, కిరోసిన్ పోశారో లేదో చెప్పగలడని ఆఫీసుల్లో అనుకుంటారు. సెలవు దొరికితే మాత్రం గాలమే. ఉప్పునీటి వేట అయితే భీమిలి ఇసుక, ఏరు సముద్రంలో కలిసే మొగ, రాళ్ళు. మంచినీటి వేట అయితే తాటిపూడి రిజర్వాయరు. రెండింటికీ తోడు ఒక్కడే, చెల్లెలు నీలవేణి భర్త గౌరీశంకర్. ఒకరినొకరు బావా అనుకుంటూ, ఒకరి ఎర డబ్బాలో ఇంకొకరు చెయ్యి పెట్టుకుంటూ ఇద్దరూ జగన్నాయకులు గారి దగ్గరే వేట నేర్చుకున్నవాళ్ళు.

ఇక తాడు సంగతి. భీమిలి తీరంలో ఒక రాయి ఉంది. పోటులో మునిగిపోయి ఆటులో తేలుతుంది గనుక దాన్ని దొంగరాయి అంటారు. దాని కింద లోతులో పండుగప్పలు మసలుతాయని ఈ బావలిద్దరే కనిపెట్టారు. పైనుంచి గాలం వేస్తే లాభం లేదు. రాతి అంచు నిండా గుల్లలు, చేప లాగగానే తంగూసు దారం వాటికి తగిలి తెగిపోతుంది. ఒకడు నడుముకు తాడు కట్టుకుని కింది మెట్టు మీదికి దిగాలి. రెండోవాడు పైన కూర్చుని, తాడును వీపు చుట్టూ తిప్పుకుని పట్టుకోవాలి. కిందివాడు సముద్రాన్ని చూడడు, చేపను చూస్తాడు. సముద్రాన్ని చూసే పని పైవాడిది. పెద్ద అల లేస్తుంటే 'అల' అని అరవాలి. అది వినగానే కిందివాడు గాలం సంగతి మరిచిపోయి రాతిని కరుచుకోవాలి. చక్రధరరావు సన్నం గనుక అతనే దిగేవాడు, గౌరీశంకర్ బరువు మనిషి గనుక పైన కూర్చునేవాడు. ఒకరు లేకుండా ఇంకొకరు ఆ రాయి ఎక్కకూడదని, మూడో మనిషికి అక్కడ చేప ఉందని చెప్పకూడదని మాట అనుకున్నారు.

శుక్రవారం గౌరీశంకర్ ఒక్కడే వేటకు వెళ్ళాడు. తాటిపూడి వెళ్ళాననీ, బొచ్చెలు ఎరను ముట్టలేదనీ ఫోన్లో చెప్పాడు. అదే రోజు సాయంత్రం గాలానికి పడిన పెద్ద పండుగప్ప ఒకటి భీమిలి బజారుకు వచ్చిందని టీ కొట్టు దగ్గర చక్రధరరావు విన్నాడు. వలకు పడిన చేప కాదట, పెదవికి గాలం గాటు ఉందట. తెచ్చిందెవరో చెప్పగలిగినవాళ్ళు లేరు.

శనివారం తెల్లవారుతూనే చక్రధరరావు ఒంటరిగా భీమిలి ఇసుకలో నడుంలోతు నీళ్ళలో నిలబడి గాలం వేశాడు. చేపలు పడలేదు గాని ఆలోచనలు బాగానే పడ్డాయి. ఎండ ఎక్కాక అటునుంచి అటే చెల్లెలి ఇంటికి వెళ్ళాడు. గౌరీశంకర్ స్నానానికి వెళ్ళాడు. వరండాలో గోడకు ఆనించి అతని గాలం కర్ర ఉంది. సముద్రం నుంచి వచ్చిన రీలును మంచినీళ్ళతో కడగకపోతే మర్నాటికి ఉప్పు పేరుతుంది. మంచినీటి వేట నుంచి వచ్చిన రీలును ఎవరూ కడగరు. గౌరీశంకర్ ఏ రీలునూ కడగడు, అది వేరే సంగతి. చక్రధరరావు అటూ ఇటూ చూసి, రీలు మీద వేలు రాసి, ఆ వేలును నాలుకకు తగిలించుకున్నాడు.

ఉప్పగా ఉంది.

లోపలికి వెళ్ళి, కాఫీ తాగుతూ, బావ నిన్న ఎటు వెళ్ళాడని చెల్లెల్ని మాటల్లో మాటగా అడిగాడు. నీలవేణి గిన్నెలు సర్దుతూ, వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"గాలం పట్టుకుని బయల్దేరే మనిషిని ఎక్కడికని అడుగుతారా అన్నయ్యా? అడిగితే ఆ రోజు చేప పడదని నువ్వేగా నేర్పావు. ఆయనా అడగనివ్వడు, వదినా నిన్ను అడగదు. ఇద్దరూ కలిసి బాగానే ఏర్పాటు చేసుకున్నారు."

ఆ మాటకు చక్రధరరావు నవ్వాడు గాని నవ్వు లోపలికి దిగలేదు. స్నానం ముగించి వచ్చిన గౌరీశంకర్ తాటిపూడి కబుర్లు చెప్పాడు. మబ్బు పట్టిందన్నాడు, గాలి తూర్పు నుంచి వచ్చిందన్నాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మరీ సరిగ్గా ఉన్నాయని చక్రధరరావుకు అనిపించింది. తప్పుడు క్లెయిములు అలాగే ఉంటాయి. అక్కడినుంచి మాస్టారి ఇంటికి వచ్చే దారి పొడవునా పాత సంగతులు ఒక్కొక్కటే వచ్చి కొత్త అర్థంతో నిలబడ్డాయి. పోయిన నెల దొంగరాయి మీద గౌరీశంకర్ ఎవరితోనో ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడటం, ఒకసారి 'అల' అని కాస్త ఆలస్యంగా అరవడం, ఈ ఆదివారం కూడా వెళ్దామని తనకంటే ముందు అతనే అనడం. ఆలస్యంగా అరిచిన ఆ రోజు తన మోచెయ్యి చీరుకుపోయి కుట్లు పడ్డాయి. అప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారు.

ఇదంతా విన్నాక కూడా జగన్నాయకులు గారు ప్రశ్నకు జవాబు చెప్పలేదు. రేపు మీరిద్దరూ రాయి ఎక్కుతున్నారు గదా, నేనూ వస్తాను, నువ్వు కాస్త ముందుగా వచ్చి ఇసుకలో నాతో గాలం వెయ్యి అన్నారు.

ఆదివారం పొద్దున గౌరీశంకర్ వచ్చేలోగా గురువూ శిష్యుడూ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి గాలాలు వేశారు. దొంగరాయి వీపు ఇంకా పూర్తిగా తేలలేదు. నీటి తుంపర మొహాలకు కొడుతోంది. కొంతసేపటికి జగన్నాయకులు గారు ఒడ్డుకు వచ్చి, సంచిలోంచి గుడ్డలో చుట్టిన రీలు ఒకటి తీశారు. గుడ్డ కొసలు మాత్రం విప్పి చూపించారు.

"ఇది ఈమధ్య ఎక్కడ తిరిగిందో చెప్పు. ఉప్పునీళ్ళా, మంచినీళ్ళా?"

చక్రధరరావుకు ఇది తన విద్య. రీలును గుడ్డతోనే అటూ ఇటూ తిప్పి చూశాడు, పైకి కనిపించిన మెరుపు ఏమీ తేల్చలేదు. వేలు రాసి నాలుకకు తగిలించుకున్నాడు. సందేహించకుండా చెప్పాడు.

"సముద్రం మాస్టారూ. బాగా తిరిగింది."

జగన్నాయకులు గారు గుడ్డ పూర్తిగా విప్పారు. రీలు అడుగున అట్ట బిళ్ళ ఇంకా దారంతో కట్టి ఉంది. హేండిల్ మీద కొట్టువాడు చుట్టిన పల్చటి కాగితం కూడా ఉంది. ఆ రీలు ఇంతవరకూ నీళ్ళు చూడలేదు.

చక్రధరరావు తన వేలు చూసుకున్నాడు. ఈసారి రీలు ముట్టుకోకుండా ఆ వేలునే నాలుకకు తగిలించుకున్నాడు. తర్వాత పెదవులు తడుముకున్నాడు. శనివారం చెల్లెలి ఇంటికి ఎక్కడినుంచి వెళ్ళాడో అప్పుడు గుర్తొచ్చింది. మొహంలో రంగు మారింది, తర్వాత నెమ్మదిగా తేరుకుంది.

"అయితే బావ తాటిపూడికే వెళ్ళాడన్నమాట" అన్నాడు.

"అలా అని నేను అన్నానా?" అని జగన్నాయకులు గారు రీలును మళ్ళీ గుడ్డలో చుట్టారు.

అదే చక్రధరరావుకు కొరుకుడు పడలేదు. సాక్ష్యం పోయింది సరే, మనిషి తేలలేదు. బజారుకు వచ్చిన పండుగప్ప ఉండనే ఉంది. ఫోన్లో గొంతు తగ్గించిన రోజూ ఉంది. ఉప్పు పోయాక మిగతావి ఇంకా బలంగా నిలబడినట్టు తోచింది. ఇంతలో గౌరీశంకర్ రొయ్యల డబ్బా, తాడు చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. గురువుగారికి దణ్ణం పెట్టి, బావకేసి చూసి, రాత్రంతా నిద్రపోనివాడిలా ఉన్నావేంటని అడిగాడు. చక్రధరరావు ముందు రాత్రే అనుకుని ఉంచుకున్న మాట చెప్పాడు.

"ఇవాళ నువ్వు దిగు బావా. తాడు నేను పడతాను."

ఎందుకని గౌరీశంకర్ అడుగుతాడనుకున్నాడు. అడిగితే చెప్పడానికి మోచెయ్యి నొప్పి అనే కారణం కూడా సిద్ధంగా ఉంచుకున్నాడు. గౌరీశంకర్ అడగలేదు. చొక్కా విప్పి తాడు కొసను నడుముకు బిగించుకున్నాడు.

"ఇన్నాళ్ళకు నా బరువు నీకు తెలుస్తుంది. గట్టిగా పట్టుకో మరి, మీ చెల్లెలి తాడు కూడా దీని కొసకే కట్టి ఉంది" అని నవ్వుతూ దిగిపోయాడు.

రాయి బాగా తేలింది. జగన్నాయకులు గారు పైన ఒక చదునైన చోట కూర్చున్నారు. చక్రధరరావు తాడును వీపు చుట్టూ తిప్పుకుని కాళ్ళు తన్నిపెట్టాడు. చూడవలసింది సముద్రాన్ని. కాని అతని కళ్ళు బావ పాదాల మీద పడ్డాయి. ఎప్పుడూ పైన కూర్చునే మనిషికి కింది మెట్టు కొత్త. తడుముకోవాలి, జారాలి, ఎక్కడ కాలు పెట్టాలని అడగాలి. గౌరీశంకర్ అడగడం లేదు. నాచు పట్టిన చోటు తప్పించి, గుల్లలు లేని గాడిలో మడమ ఆనించి, తేలిగ్గా నిలబడ్డాడు. ఎవరు నేర్పారు? మొన్న శుక్రవారం ఇక్కడ నిలబడిన కాళ్ళు కాకపోతే ఇంత సులువుగా ఎలా పడతాయి? ఇన్నేళ్ళూ తను దిగుతుంటే పైనుంచి చూసి నేర్చుకుని ఉండొచ్చు. ఉండొచ్చు. లేకపోవచ్చు. ఆ కుడి పాదం ఇప్పుడు ఎటు జరుగుతుందో చూస్తే తేలిపోతుంది.

కింద గాలం కర్ర విల్లులా వంగింది. గౌరీశంకర్ వెనక్కి చూడకుండా, "పడింది బావా" అన్నాడు. చేప లోతుకు దిగుతుంటే, ఒంటి బరువంతా తాడు మీద వదిలి, నీటి మీదికి వాలిపోయాడు. కుడి పాదం జరిగింది. చక్రధరరావు దాన్ని చూస్తూనే ఉన్నాడు.

అల అతను చూడలేదు.

జగన్నాయకులు గారు చూసి అరిచారు గాని ఆ అరుపు నీటి మోతలో కలిసిపోయింది. మెట్టు మీద మనిషి లేడు. తాడు ఒక్కసారి బిగుసుకుని చక్రధరరావును అంచుదాకా ఈడ్చింది, అరచేతుల్లో చర్మం ఊడింది. వదల్లేదు. నీళ్ళు వెనక్కి తీశాక కింద గుల్లలకు ఒరుసుకుంటూ వేలాడుతున్న మనిషి కనిపించాడు. గురువుగారు కూడా వచ్చి తాడందుకున్నారు. ఇద్దరూ కలిసి లాగి పైకి చేర్చారు. గాలం కర్ర, రీలు, చేప, మూడూ సముద్రంలో పోయాయి. శుక్రవారం ఆ రీలు ఎక్కడ తిరిగిందో ఆ తర్వాత ఎవరూ తేల్చలేదు.

గౌరీశంకర్ చాలాసేపు దగ్గాడు, నీళ్ళు కక్కాడు. భుజం, మోకాలు చీరుకుపోయాయి. జగన్నాయకులు గారు మంచినీళ్ళ సీసా తీసి గాయాల మీద కొద్దికొద్దిగా పోస్తూ, ఇరుక్కున్న గుల్ల ముక్కలు ఏరడం మొదలుపెట్టారు. ఊపిరి కుదురుకున్నాక గౌరీశంకర్ తల తిప్పి చూశాడు. కోపం లేదు. ఆశ్చర్యం ఉంది.

"ఏటి బావా, అల వస్తే అరవాలని నీకు నేను చెప్పాలా?"

"చూళ్ళేదు బావా."

"మరేటి చూస్తన్నావు?"

చక్రధరరావు రక్తం కారుతున్న అరచేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చివరికి బావకేసి కాక గురువుగారికేసి తిరిగాడు.

"నిన్న నేను తాడు పట్టుకునే మనిషి గురించి మిమ్మల్ని ఒకటి అడిగాను మాస్టారూ."

"ఏటడిగావు?" అని గౌరీశంకర్ ఒకసారి బావకేసీ, ఒకసారి గురువుగారికేసీ చూశాడు. "ఏటండీ, ఏటడిగాడు?"

జగన్నాయకులు గారు తలెత్తలేదు. అతని మోకాలిలోంచి ఇంకో ముక్క తీసి పక్కన పడేశారు.

"నువ్వు అడగవలసిన ప్రశ్న, నాయనా. తొందరపడి ఇతను అడిగాడు."